47 ఏళ్ళకి కంప్యూటర్ చార్టింగ్ నేర్చుకోగలనా, మానేయడమే మంచిదా?

సిస్టర్, మీరు రాసింది రెండుసార్లు చదివాను. 150 పడకల హాస్పిటల్, జీఎన్ఎం నర్సింగ్ కోర్సు చేసి 24 ఏళ్ళ సర్వీస్, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి కేస్ షీట్లు బంద్, మొత్తం కంప్యూటర్లోనే అన్నారు. ట్రైనింగ్ అని చెప్పి రెండు గంటలు ప్రొజెక్టర్ మీద ఏదో చూపించి కంపెనీ వాళ్ళు వెళ్ళిపోయారు. మీ కింద చేసే పిల్లలు టకటకా కొట్టేస్తుంటే మీకు ఒక్క వేలితో అక్షరం వెతుక్కోడానికే చెమటలు పడుతున్నాయి, మానేసి ఇంటి దగ్గర ఏదైనా క్లినిక్‌లో చేరిపోదామా అని ఆలోచిస్తున్నారు. ఇదే కదా. వారంలో వచ్చేస్తుంది అని అబద్ధం చెప్పను, నాకు మూడు నెలలు పట్టింది. మానేయొద్దు అని మాత్రం గట్టిగా చెప్తాను, ఎందుకో కింద రాస్తాను, కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

నాది 1994లో జీఎన్ఎం అయిపోయింది. మా హాస్పిటల్‌కి 2014లో ఈఎంఆర్, అంటే పేషెంట్ రికార్డులన్నీ కంప్యూటర్లో పెట్టే పద్ధతి, వచ్చింది, అప్పటికి నాకు 42. అంతకుముందు కంప్యూటర్ అంటే బిల్లింగ్ కౌంటర్లో ఒకటి, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆరోగ్యమిత్ర కూర్చునే బల్ల మీద ఇంకోటి, అంతే, మేం వాటి మీద దుమ్ము కూడా దులిపేవాళ్ళం కాదు ఎక్కడ పాడైపోతుందో అని. ఇప్పుడు కొత్తగా చేరిన సిస్టర్లకి సాఫ్ట్‌వేర్ నేర్పేది నేనే, మా ఇంట్లో వాళ్ళు ఇప్పటికీ నమ్మరు.

మీరు టైపింగ్ గురించి భయపడుతున్నారు గానీ అసలు కష్టం అక్కడ లేదు. మనం టైప్ చేసేది చాలా తక్కువ, సగం పైన టిక్కులు, లిస్టులోంచి ఎంచుకోవడం, మిగతాది అంకెలు. అంకెలకి కీబోర్డ్ కుడి పక్కన నంబర్ ప్యాడ్ ఉంటుంది, ఫోన్ డయల్ చేసినట్టే, కాకపోతే ఫోన్‌కి తలకిందులుగా 7 8 9 పైన, 1 2 3 కింద ఉంటాయి, చూసి నొక్కండి. ఒక గడిలోంచి ఇంకో గడిలోకి వెళ్ళడానికి ప్రతిసారీ మౌస్ వెతుక్కోకుండా ట్యాబ్ అనే కీ నొక్కితే చాలు, ఈ ఒక్క సంగతి తెలియడానికి నాకు ఇరవై రోజులు పట్టింది, ఎవరూ చెప్పలేదు, ఒక ఫ్రెషర్ అమ్మాయి నా వెనక నిలబడి చూసి చూసి ఉండబట్టలేక చెప్పింది. పాస్‌వర్డ్ మూడుసార్లు తప్పు కొడితే ఐడీ లాక్ అవుతుంది, నూటికి తొంభైసార్లు క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉండటమే కారణం. ఇవన్నీ చిన్నవి, వచ్చేస్తాయి. అసలు మారేది టైం సంగతి. అదే మనలాంటి పాతవాళ్ళకి కొరుకుడు పడదు.

పేపర్ మీద మనం ఎలా రాసేవాళ్ళమో మనిద్దరికీ తెలుసు, దాచుకోడానికేముంది. నైట్ డ్యూటీలో రెండింటికి బీపీ, పల్స్ లాంటి వైటల్స్ చూసి అరచేతిలోనో, యాప్రాన్‌కి అంటించుకున్న మైక్రోపోర్ ప్లాస్టర్ ముక్క మీదో గీసుకుని, తెల్లారుజామున ఐదింటికి టీ తాగి స్టేషన్లో కూర్చుని ఎర్ర పెన్నుతో వార్డు మొత్తం చార్టులు ఒక్క ఊపున నింపేసేవాళ్ళం. రెండు గంటల గడిలో రెండు గంటల రీడింగే రాశాం, అబద్ధమేం కాదు. కానీ రాసింది ఐదింటికి. పేపర్‌కి ఆ సంగతి తెలీదు.

2014లో మాకు కంప్యూటర్ మొదలైన రెండో వారం. సర్జికల్ వార్డు, నైట్ డ్యూటీ నాది. సాయంత్రం గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయిన 58 ఏళ్ళ ఆయన. రెండింటికి చూస్తే బీపీ 100/60, పల్స్ 112. పది గంటలకి బాగానే ఉన్నాడు, సరే ఇంకోసారి చూద్దాం అనుకుని మైక్రోపోర్ మీద రాసుకున్నా, ఇంతలో క్యాజువాల్టీ నుంచి కొత్త అడ్మిషన్ వచ్చింది, దాని గొడవలో పడిపోయా. మూడుంబావుకి ఆయన భార్య వచ్చి, ఏంటోనమ్మా ఒళ్ళంతా చల్లగా ఉంది అంది. డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశా. ఆయన ఐసీయూలో ఇంకో పేషెంట్ దగ్గర ఉన్నాడు, అక్కడి స్క్రీన్ మీదే మా పేషెంట్‌ది ఓపెన్ చేసి చూశాడు, చివరి రీడింగ్ రాత్రి పది గంటలది, 130/80, పల్స్ 84. "స్టేబుల్‌గానే ఉన్నాడుగా సిస్టర్, ఇక్కడ చూసుకుని వస్తా" అన్నాడు. నేను కూడా ఆ కంగారులో రెండింటి రీడింగ్ ఫోన్లో చెప్పలేదు, నీరసంగా ఉన్నాడు సార్ అని మాత్రమే అన్నా. ఆయన వచ్చేసరికి నాలుగు దాటింది, బీపీ 80/50. లోపల బ్లీడింగ్. అప్పటికప్పుడు ఓటీకి తీసుకెళ్ళారు, రక్తం ఎక్కించారు, బతికాడు, పదకొండో రోజు తన కాళ్ళ మీద తనే నడుచుకుంటూ ఇంటికెళ్ళాడు, వెళ్తూ నాకు దండం పెట్టాడు కూడా. ఆ దండం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రెండ్రోజుల తర్వాత మీటింగ్ పెట్టారు. ఎవరూ అరవలేదు. సాఫ్ట్‌వేర్ లాగ్ తెరిచి చూపించారు, బీపీ చూసిన టైం 2.00, ఎంటర్ చేసిన టైం 5.42. ఇన్నేళ్ళ సర్వీసులో ఆ రెండో అంకె నాకు ఎప్పుడూ కనపడలేదు. అంటే ఆ 100/60 నా మైక్రోపోర్ మీద మూడు గంటల నలభై రెండు నిమిషాలు ఉంది, అది అవసరమైన మనిషికి మాత్రం చేరలేదు.

పేపర్ చార్ట్ మంచం కాళ్ళ దగ్గర వేలాడుతుంది కాబట్టి చదవాలంటే పేషెంట్ దగ్గరికి రావాలి, వస్తే పేషెంట్‌నీ చూస్తారు. స్క్రీన్ అలా కాదు, డాక్టర్ ఐసీయూలోంచో ఇంట్లోంచో చూస్తాడు, ఫార్మసీలో చూస్తారు, ల్యాబ్‌లో చూస్తారు, అందరూ మీరు పెట్టిన అంకె ఇప్పటిదే అనుకుని నిర్ణయాలు తీసుకుంటారు. మీ జేబులో ఉన్న రీడింగ్ వాళ్ళ లెక్కలో లేనట్టే. ఇది బుర్రకెక్కితే సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీదైనా ఒకటే.

ఒక్కో సిస్టర్‌కి పదిహేను ఇరవైమంది ఉంటే ప్రతి మంచం దగ్గరా నిలబడి కొట్టడం ఎలా అవుతుంది అని అడుగుతారు మీరు, న్యాయమే. నేను పెట్టుకున్న పద్ధతి చెప్తా. తేడా కనపడిన రీడింగ్ అక్కడికక్కడే ఎంటర్ చేస్తా, పక్క మంచం ఆగినా పర్లేదు. నార్మల్‌గా ఉన్నవి రౌండ్ అయిపోయాక పది పదిహేను నిమిషాల్లో కూర్చుని కొడతా. ఏదైనా ఎమర్జెన్సీ వచ్చి బాగా ఆలస్యమైతే చూసిన టైం గడిలో నిజంగా చూసిన టైమే పెట్టి, నోట్‌లో లేట్ ఎంట్రీ అని, ఎందుకు లేటయిందో ఒక ముక్క రాస్తా. చాలా సాఫ్ట్‌వేర్లలో ఆ టైం మనం మార్చకపోతే ఎంటర్ చేసిన టైమే దానంతటదే పడిపోతుంది, అప్పుడు రెండింటి బీపీ ఐదింటిది అయిపోతుంది, అది ఇంకా ప్రమాదం, ఆ గడి మీ స్క్రీన్లో ఎక్కడుందో మొదటిరోజే చూసుకోండి. తప్పు కొడితే చెరిపేయాలని చూడకండి, పాతది లోపల ఉండనే ఉంటుంది, కరెక్షన్ ఆప్షన్లో మార్చి కారణం రాయండి. పేపర్ మీద వైట్‌నర్ పూయకుండా ఒక గీత కొట్టి సంతకం పెట్టమని మన ట్యూటర్ మేడమ్‌లు చెప్పేవాళ్ళు చూడండి, అదే ఇది.

ఇంకో పాత అలవాటు ఉంది మనకి, రెస్పిరేషన్ రేటు. నిజం చెప్పండి, నిమిషం పాటు ఛాతీ చూసి లెక్కపెట్టి ఎన్నాళ్ళయింది? నేనూ అంతే, అందరికీ 20 అని రాసేదాన్ని, మరీ ఆయాసపడుతుంటే 24. ఇప్పుడు చాలా హాస్పిటల్స్‌లో సిస్టమే వైటల్స్ నుంచి ఒక స్కోర్ లెక్కేసి హెచ్చరిస్తుంది. ఇంగ్లండ్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్ళు 2017లో తెచ్చిన న్యూస్ 2 అనే స్కోర్ ఎక్కువగా వాడతారు. అందులో రెస్పిరేషన్ 12 నుంచి 20 అయితే సున్నా, 21 నుంచి 24 అయితే 2, 25 ఆ పైన అయితే 3. మొత్తం 5 గానీ ఆ పైన గానీ అయితే డాక్టర్ వెంటనే చూడాలి, 7 ఆ పైన అయితే ఎమర్జెన్సీ. పేషెంట్ 26 కొట్టుకుంటుంటే మీరు అలవాటుగా 20 అని నొక్కారంటే మూడు పాయింట్లు మాయం, అలారం మోగదు, స్క్రీన్ మీద పచ్చగా ఉంటుంది. పేపర్ మీద 20 రాస్తే ఎవడూ పట్టించుకునేవాడు కాదు, ఇక్కడ ఆ 20తో మెషిన్ లెక్కలు కడుతుంది. కాబట్టి లెక్కపెట్టండి. వాచీ చూసుకుంటూ అరనిమిషం, రెట్టింపు చేయండి, ఊపిరి ఒక లయలో లేకపోతే పూర్తి నిమిషం.

అంకెల దగ్గరే ఇంకోటి, చుక్క. పీడియాట్రిక్స్‌లో మా పిల్ల ఒకతి 8.2 కిలోల బాబుకి 82 అని కొట్టింది, చుక్క కీ సరిగ్గా నొక్కుకోలేదు. ఆ బరువు మీదే సిస్టమ్ పారాసెటమాల్ డోసు లెక్క వేసింది, కిలోకి 15 మిల్లీగ్రాములు, 123 రావాల్సింది 1230 వచ్చింది. 5 ఎంఎల్‌లో 125 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే అది 49 ఎంఎల్, అంటే 60 ఎంఎల్ సీసా దాదాపు మొత్తం పట్టించేయాలి. ఫార్మసీ వాళ్ళు ఫోన్ చేసి ఏంటమ్మా ఇది అన్నారు కాబట్టి సరిపోయింది. 82 కిలోల ఆర్నెల్ల బాబు ఉండడని కంప్యూటర్‌కి ఎవరూ చెప్పలేదు, వయసుని బట్టి బరువుకి హద్దు పెట్టమని మేమే తర్వాత అడిగి పెట్టించాం. బరువు, ఇన్సులిన్, పొటాషియం, ఈ మూడు కొట్టాక ఒకసారి పైకి చదువుకోండి, పక్కన ఎవరున్నా నవ్వినా సరే.

మందుల దగ్గరికొస్తే, ఈ మార్పులో మనకి నిజంగా మేలు జరిగింది ఇక్కడే. డాక్టర్ల రాత పీడ పోయింది. 2016లో మెడికల్ కౌన్సిల్ వాళ్ళు మందులు జెనరిక్ పేర్లతో, అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని రూల్ పెట్టినప్పుడు మా సర్జన్ గారు పెద్దక్షరాలు కూడా గొలుసుకట్టులోనే రాసి చూపించారు. ఇప్పుడు ఆ బాధ లేదు, డోపమినో డోబుటమినో అని లైటు కింద పెట్టి చూసుకోనక్కర్లేదు. కానీ రాత చదవడంలో జరిగే తప్పు పోయి లిస్టులోంచి ఎంచుకోవడంలో జరిగే తప్పు వచ్చింది. మొదటి రెండు అక్షరాలు కొట్టగానే పది పేర్లు దిగుతాయి, అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి, కళ్ళు మూతలు పడే టైంలో పైదే నొక్కేస్తాం.

అమెరికాలో నాష్‌విల్ అనే ఊళ్ళో 2017 డిసెంబర్లో జరిగింది మీరు వినే ఉంటారు. స్కానింగ్‌కి భయపడుతున్న 75 ఏళ్ళావిడకి ఆ భయం తగ్గడానికి వెర్సెడ్ ఇవ్వాలి, మనం మిడజోలం అంటాం అదే. నర్స్ మందుల క్యాబినెట్ స్క్రీన్ మీద ఆ బ్రాండ్ పేరులో మొదటి రెండు అక్షరాలు కొట్టింది, అందులో అది జెనరిక్ పేరుతో ఉండటం వల్ల దొరకలేదు, మెషిన్ అడ్డుని దాటేసే ఓవర్‌రైడ్ నొక్కింది, అవే అక్షరాలతో వచ్చింది వెక్యురోనియం, కండరాలన్నీ పనిచేయకుండా చేసే మందు. పేషెంట్ చనిపోయింది. 2022 మార్చిలో కోర్టు ఆ నర్స్‌ని దోషి అని తేల్చింది, మేలో మూడేళ్ళ ప్రొబేషన్ వేసింది. అక్కడ మెషిన్ల సమస్యలు కూడా ఉన్నాయి, అందరూ ఓవర్‌రైడ్ నొక్కుతూనే ఉన్నారు అని వాదనలు జరిగాయి, అవీ కాదనలేం. నాకు మాత్రం ఎప్పుడూ గుర్తొచ్చేది ఒకటే, మిడజోలం ద్రవం, వెక్యురోనియం పొడి. పొడి చేతిలోకి వచ్చి, నీళ్ళు కలపాల్సి వచ్చినప్పుడు, ఇదేంటి ఎప్పుడూ కలపంగా అని చెయ్యి ఆగాలి. ఆ ఆగడం కంప్యూటర్‌కి రాదు, 24 ఏళ్ళ సర్వీస్ ఉన్న చేతికి వస్తుంది. మిమ్మల్ని మానేయొద్దన్నది ఇందుకే. వార్డులో టకటకా కొట్టేవాళ్ళు చాలామందే దొరుకుతారు, అలా చెయ్యి ఆగేవాళ్ళు తక్కువ.

మీ దగ్గర బార్‌కోడ్ కూడా పెడుతున్నారా లేదా రాయలేదు. పెడితే మంచిదే, పేషెంట్ చేతి పట్టీ స్కాన్, మందు స్కాన్, రెండూ కలిస్తేనే ముందుకెళ్తుంది. బోస్టన్‌లో బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్లో ఇలా పెట్టాక మందు ఇవ్వడంలో తప్పులు, లేటుగా ఇచ్చినవి పక్కన పెడితే, 11.5 శాతం నుంచి 6.8 శాతానికి తగ్గాయని 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వేశారు. తగ్గాయి, పోలేదు. ఎందుకు పోలేదో మా ఫ్లోర్లోనే చూశా. మందుల ట్రాలీ లోపలి తలుపుకి పేషెంట్ల చేతి పట్టీ లేబుళ్ళు అదనంగా ప్రింట్ తీసి వరసగా అంటించి ఉన్నాయి, అన్నీ అక్కడే టీక్ టీక్ మని స్కాన్ చేసేసి తర్వాత మందులు పంచడం. అంటే మెషిన్ లెక్కలో సరైన పేషెంటే, మంచం మీద ఎవరున్నారో దేవుడికెరుక. చూడగానే అరిచాను గానీ, తర్వాత ఎందుకు చేశారే అని కూర్చోబెట్టి అడిగితే, పట్టీ స్నానానికి తడిసి చెరిగిపోయింది, స్కానర్ చార్జింగ్ అరగంట కూడా రాదు, ట్రాలీ రెండు మంచాల మధ్య పట్టదు, పిల్లాడు ఇప్పుడే నిద్రపోయాడు లేపొద్దని తల్లి కొట్లాడుతుంది అన్నారు. అన్నీ నిజాలే. అమెరికాలోనే 2008లో ఒక స్టడీలో నర్సులు ఇలా స్కానింగ్ తప్పించుకునే పద్ధతులు 15 రకాలు, వాటి వెనక కారణాలు 31 లెక్కపెట్టారు, కాబట్టి ఇది మన వాళ్ళ బద్ధకం అనుకునే మేనేజ్‌మెంట్లకి అది చూపించాలి. మేం కొత్త బ్యాటరీలు, తడవని పట్టీలు అడిగి తెచ్చుకున్నాం, ట్రాలీ తలుపు లేబుళ్ళు పీకించేశా. మీకు ఇబ్బంది వస్తే అడ్డదారి కనిపెట్టొద్దు, ఇబ్బంది ఏంటో రాసి ఇవ్వండి.

పేరు దగ్గర జాగ్రత్త. మన వైపు ఏ వార్డులో చూసినా ఇద్దరు వెంకటేశ్వర్లు, ముగ్గురు లక్ష్ములు ఉంటారు. బెడ్ నంబర్‌ని నమ్మకండి, 12వ మంచం ఆయన్ని కిటికీ పక్కకి 14కి మారుస్తాం, సిస్టమ్‌లో మార్చడం సాయంత్రం దాకా ఎవరికీ గుర్తుండదు. పేరు, హాస్పిటల్ ఇచ్చే యూహెచ్ఐడీ నంబర్ రెండూ చూసి ఓపెన్ చేయండి. పేరు కూడా మీరు చెప్పి అవునా అని అడక్కుండా వాళ్ళ చేతే చెప్పించండి, మన పెద్దవాళ్ళు దేనికైనా అవునమ్మా అనేస్తారు.

కాపీ పేస్ట్ గురించి ఒక్క మాట. కిందటి షిఫ్ట్ నోట్‌ని యథాతథంగా తెచ్చే బటన్ ఉంటుంది, పిల్లలు దాన్ని తెగ వాడతారు. వెంటిలేటర్ మీద ఉన్నాయనకి "పేషెంట్ స్పృహలో ఉన్నారు, బాగా మాట్లాడుతున్నారు, టిఫిన్ తిన్నారు" అని మూడు షిఫ్టులు నడిచింది ఒకసారి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఆడిట్‌లో అది బయటపడితే ఎవరి ఐడీ ఉందో వాళ్ళే సమాధానం చెప్పుకోవాలి. అందుకే ఐడీ, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు, అక్కా ఒక్క నిమిషం నీ దాంట్లో కొట్టేస్తా అని ఎంత ముద్దుగా అడిగినా సరే. మార్ఫిన్, ఫెంటనిల్ లాంటి మత్తుమందులు మీ పేరు మీద తీసినట్టు పడితే ఆ రోజు మీరు సెలవులో ఉన్నానని నిరూపించుకోవడం ఎంత నరకమో ఒక సిస్టర్ పడగా చూశాను. స్క్రీన్ వదిలి వెళ్ళేటప్పుడు విండోస్ కీ పట్టుకుని ఎల్ నొక్కండి, లాక్ అయిపోతుంది.

రాత్రిపూట ల్యాబ్ రిపోర్ట్ స్క్రీన్‌ని ఫోటో తీసి డాక్టర్‌కి వాట్సాప్ చేయడం అన్ని చోట్లా ఉన్నదే, నేను చేయలేదని అననుగానీ ఇప్పుడు 2023లో డిజిటల్ పర్సనల్ డేటా చట్టం కూడా వచ్చింది, మన సొంత ఫోన్లో పేషెంట్ పేరుతో రిపోర్ట్ ఉండటం మంచిది కాదు. డాక్టర్లకి ఫోన్లో చూసుకునే యాప్ ఇవ్వమని అడగండి, సాధారణంగా సాఫ్ట్‌వేర్‌తోనే వస్తుంది, ఆన్ చేయించుకోరంతే. అటెండర్లు ఆభా నంబర్ గురించి అడుగుతారు, ఆ 14 అంకెలది ఇన్సూరెన్స్ కాదు, ఆరోగ్యశ్రీ కార్డూ కాదు, వేరువేరు హాస్పిటళ్ళ రికార్డులు కలిపి చూసుకోడానికి కేంద్రం 2021లో దేశమంతా మొదలుపెట్టిన నంబర్, ఇష్టమైతేనే తీసుకోవచ్చు, అంతవరకు చెప్తే చాలు.

కరెంటు, నెట్ పోవడం ఖాయం. దానికి ముందే సర్దుకోండి. మా ప్రతి వార్డులో ఒక ఎర్ర ఫైలు ఉంటుంది, అందులో ఖాళీ వైటల్స్ షీట్లు, మందుల షీట్లు, ఒంట్లోకి ఎంత ద్రవం పోయింది ఎంత బయటికొచ్చింది రాసే ఇన్‌టేక్ అవుట్‌పుట్ షీట్లు, రెండు పెన్నులు. ప్రతి షిఫ్ట్ మొదట్లో ఇప్పుడున్న మందుల లిస్ట్ ప్రింట్ తీసి దాంట్లో పెడతాం, సర్వర్ పడిపోతే ఎవరికి ఏం బాకీ ఉందో తెలియాలి కదా. మొదటిసారి మాకు నాలుగు గంటలు పడిపోయినప్పుడు కొత్త పిల్లలకి ఏం చేయాలో తెలియలేదు, పేపర్ మీద ఇన్‌టేక్ అవుట్‌పుట్ కూడడం కూడా రాలేదు, ఆ రోజు పాతవాళ్ళమే వార్డు నడిపాం. నాకు లోపల కొంచెం సంతోషం వేసింది, అది తప్పే అనుకోండి.

మొదటి నెల రెండు మూడు పనులు ఎక్కువవుతాయి, ఇది మీకు ఎవరూ చెప్పరు. పేపర్‌లో రాయి, కంప్యూటర్లో కూడా కొట్టు అంటారు, అంతకన్నా నరకం ఉండదు, రెండు చోట్లా రెండు రకాలుగా పడుతుంది, ఏది నమ్మాలో తెలీదు. పేపర్ ఏ తారీఖు దాకా అని నర్సింగ్ సూపరింటెండెంట్ గారి చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. స్క్రీన్లు మార్చమని అడగడానికి కూడా మొహమాటపడకండి, మా సాఫ్ట్‌వేర్‌లో మొదట్లో ఒక టీపీఆర్, అంటే జ్వరం, పల్స్, ఊపిరి, ఎంటర్ చేయడానికి పదకొండు క్లిక్కులు పట్టేది, లెక్కపెట్టి కాగితం మీద రాసి ఐటీ వాళ్ళ ముందు పెట్టాం, మూడు క్లిక్కులకి తెచ్చారు. కష్టంగా ఉంది సార్ అంటే ఎవరూ కదలరు, పదకొండు అని అంకె చెప్తే కదిలారు. ముందుగా నేర్చుకుని మిగతావాళ్ళకి సాయం చేసే సూపర్ యూజర్లుగా ఎవరుంటారు అని అడిగితే చెయ్యెత్తండి. మీరు తమాషా అనుకుంటారేమో గానీ బాగా రానివాళ్ళు ఒక్కరైనా అందులో ఉండాలి, లేకపోతే అన్నీ 23 ఏళ్ళ వాళ్ళకి తగ్గట్టే చేసేస్తారు.

ప్రాక్టీస్‌కి ట్రైనింగ్ ఐడీ అడగండి, అందులో ఉత్తుత్తి పేషెంట్ ఉంటాడు, ఏం చేసినా ఎవరికీ ఏం కాదు. నేను రోజూ డ్యూటీ దిగాక పదిహేను నిమిషాలు ఆయన్ని అడ్మిట్ చేసి, బీపీలు పెంచి దించి, డిశ్చార్జ్ చేసి ఇంటికెళ్ళేదాన్ని. మీకు ట్యాబ్ కీ చూపించే పిల్ల ఒకతి మీ వార్డులోనే ఉంటుంది, పట్టుకోండి. నాకు నేర్పిన అమ్మాయికి సెలైన్ కాన్యులా చోట ఎర్రగా గట్టిగా అవ్వకముందే వేలితో ముట్టుకుని ఫ్లెబైటిస్, అంటే రక్తనాళం వాపు, ఎలా కనిపెట్టాలో నేను నేర్పాను, లెక్క సరిపోయింది.

మా ఆడపడుచు ఏఎన్ఎం, పదో తరగతి తర్వాత కోర్సు చేసింది, ఊళ్ళో తిరుగుతూ ట్యాబ్‌లో గర్భిణీల వివరాలు ఒక యాప్‌లో, షుగర్ బీపీ సర్వే ఇంకో యాప్‌లో, 2021 జనవరిలో కోవిడ్ వ్యాక్సిన్ మొదలయ్యాక కోవిన్‌లో, సిగ్నల్ కోసం వేపచెట్టు కింద నిలబడి కొట్టేది. ఎవరూ ఆమెకి నువ్వు చేయగలవా అని అడగలేదు పాపం, తిట్టుకుంటూనే నేర్చేసుకుంది.

ట్రాలీ కంప్యూటర్ తోసుకుంటూ వెళ్ళినప్పుడు పేషెంట్‌కి వీపు చూపించకండి. ఒక పెద్దావిడ నన్ను "ఆ డబ్బాతో మాట్లాడుతున్నావా నాతోనా" అని కడిగేసింది. అప్పట్నుంచి ముందు మొహం చూసి అడుగుతా, చెయ్యి పట్టుకుంటా, చల్లగా ఉందో చెమట పట్టిందో తెలుస్తుంది, తర్వాత స్క్రీన్ వాళ్ళకి కూడా కనపడేట్టు తిప్పి కొడతా. వాళ్ళకి భలే ఇష్టం, నా బీపీ అదేనా అని చూసుకుంటారు.

చివరగా మీరు రాసినదాంట్లో ఒక ముక్క నాకు పట్టేసింది, ప్రొజెక్టర్ మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు కనపడి ఏమీ అర్థం కాలేదు అన్నారు. సిస్టర్, నాకూ అచ్చం అంతే, నాకు కంప్యూటర్ రాదు అనుకుని నెలరోజులు ఏడ్చాను, తీరా చూస్తే నా రీడింగ్ గ్లాసెస్ పుస్తకం దూరానికి సరిపోతాయి గానీ స్క్రీన్ ఉండే దూరానికి కాదు. మీరు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు చెయ్యి చాపి ఇంత దూరంలో స్క్రీన్ ఉంటుంది అని చూపించి దానికి తగ్గ అద్దాలు అడగండి. ఈలోపు వార్డు కంప్యూటర్లో కంట్రోల్ కీ పట్టుకుని ప్లస్ నొక్కి చూడండి, సాఫ్ట్‌వేర్ బ్రౌజర్లో తెరుచుకునేదైతే అక్షరాలు పెద్దవవుతాయి, కాకపోతే ఐటీ వాళ్ళని అడిగి పెంచించుకోండి. ఒకటో తారీఖుకి ముందే ఈ కళ్ళ పని అవ్వగొట్టండి, బార్‌కోడ్ ఉందో లేదో కూడా కనుక్కుని చెప్తే దాని గురించి విడిగా రాస్తాను.